నక్కవాగు నీళ్ల నుంచి దురద ట్యూబు దాకా

పటాన్‌చెరు చుట్టుపక్కల చర్మం గురించి మాట్లాడాలంటే ముందు నీళ్ల గురించి మాట్లాడాలి. నేను ఇక్కడ మందుల షాపు నడుపుతాను. అంతకుముందు నక్కవాగు ఒడ్డున ఒక రైతు ఇంట్లో పెరిగాను. గజ్జి అనో, తామర అనో, ఎలర్జీ అనో చెప్పుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎగ్జిమా ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. మోచేతి మడతలు పగిలిన పిల్లలు, వేళ్ల సందులు ఒలిచిపోయిన ఆడవాళ్లు, మణికట్టు దాకా చర్మం నల్లగా మందమెక్కిన మేస్త్రీలు. మంట పెట్టని సబ్బు ఉందా, చురుక్కుమనకుండా రాసుకునేది ఏదైనా ఉందా అని అడుగుతారు. పేరు చెప్పి డబ్బా చేతికిచ్చి పంపడం సులువే. కానీ ఈ నేల మీద ఈ ప్రశ్న ఎలా పుట్టి పెరిగిందో చూసినవాడిగా నాకు అది సరిపోదనిపిస్తుంది.

మా నాయనమ్మ కాలంలో ఒంటికి సబ్బు రోజూ వాడే వస్తువు కాదు. బట్టలకు సౌడు, తలకు కుంకుడుకాయ, ఒంటికి శెనగపిండో పెసరపిండో. స్నానానికి ముందు నువ్వులనూనె, పురిటి బిడ్డలకు ఆముదం. వాగులో నీళ్లున్నన్నాళ్లు వాగులో, లేనప్పుడు మోటబావి దగ్గర స్నానం. ఆ కాలాన్ని తలచుకొని అప్పుడంతా బాగుండేదని చెప్పేవాళ్లున్నారు. నేను అలా అనను. పసిబిడ్డ ఒంటి మీది నూగు పోవాలని పిండి పెట్టి ఎర్రగా కందేదాకా రుద్దేవాళ్లు. గజ్జికి గంధకం నూరి నూనెలో కలిపి పట్టించేవాళ్లు. గజ్జి పురుగుకు గంధకం పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ అదే పూత ఎగ్జిమా ఉన్న బిడ్డకు పెడితే ఆ పొడిబారిన చర్మం ఇంకా చిట్లి ఏడ్చేది. వేపాకు ముద్ద, పసుపు, నిమ్మరసం, చింతపండు పులుసు, ఏది దొరికితే అది. సౌడుతో గుడ్డలుతికే చాకలివాళ్ల చేతులు ఏడాది పొడుగునా నెర్రెలు విచ్చి ఉండేవి. దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు, కులవృత్తిలో భాగమనుకున్నారు.

ఆ పద్ధతిలో నిజంగా మంచిది ఒకటుంది, నూనె. తడి ఒంటి మీద పల్చగా నూనె రాసి వదిలేయడం. కుంకుడు రసం కూడా కళ్లలో పడితే మంట పెడుతుంది గానీ, అది కొంచెం పులుపు గుణం ఉన్న నురగ. సబ్బు అలా కాదు. మన చర్మం పైపొర సహజంగా ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 దరిదాపుల్లో. మామూలు సబ్బు నురగ పీహెచ్ 9, 10 దాకా పోతుంది. చర్మం పైపొర మట్టిగోడ మీది అలుకులాంటిది. అలుకు బాగున్నంతకాలం వాన లోపలికి దిగదు, గోడలోని చెమ్మ బయటికి పోదు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఆ అలుకు పల్చన. వారిలో కొందరికి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువులోనే లోపం ఉంటుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు చూపించారు. అలాంటి చర్మాన్ని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి సబ్బుతో తోమితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి, లైఫ్‌బాయ్ 1895లో వచ్చింది. మెదక్ జిల్లా ఊళ్లలోకి అవి ఎప్పుడో నెమ్మదిగా నడిచి వచ్చాయి. మా ఇళ్లలో సబ్బు రోజువారీ వస్తువైంది మాత్రం ఫ్యాక్టరీ జీతం వచ్చాకే.

ఆ ఫ్యాక్టరీల కథ బాలానగర్‌లో మొదలైంది. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ 1961లో ఏర్పడింది, హైదరాబాద్ ప్లాంటులో మందుల తయారీ నేర్చినవాళ్లు ఆ తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, మందుకు కాకుండా మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు దక్కింది. వేరే దారిలో అదే మందు చేయగలిగిన రసాయన శాస్త్రవేత్తకు దారి తెరుచుకుంది. 1973లో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడలకు భూములు తీసుకుంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అప్పటికే ఉంది. 1972లో పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, ఒక్కొక్కటిగా పారిశ్రామికవాడలయ్యాయి. 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఈ వైపు ఢిల్లీ చూపు మరింత పడింది. మావాళ్లు సంతోషించారు. భూమి పోయినా ఇంటికో ఉద్యోగం వస్తుందని ఆశ. కొందరికి వచ్చింది కూడా.

ఆ ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసి వాగు ఎనభైల్లో మారింది. రంగు మారింది, వాసన మారింది, నురగ తేలింది. వాగు దాటి పొలానికి పోయి వచ్చినవాళ్లకు మోకాళ్ల కింద దురద, బొబ్బలు. వరినాట్లు వేసే ఆడవాళ్లకు వేళ్ల సందుల్లో పుండ్లు. నీళ్లలో దిగిన బర్రెల ఒంటి మీద వెంట్రుకలు ఊడిపోయాయి. పోచారం, బాచుగూడెం, చిద్రుప్ప, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, పెద్దకంజర్ల, ఏ ఊరివాళ్లను అడిగినా ఆ ఏళ్ల గురించి ఇలాంటి మాటే చెబుతారు. ఇది పుట్టుకతో వచ్చే ఎగ్జిమా కాదు, చర్మం తాకకూడనిదాన్ని తాకడంవల్ల వచ్చిన ఎగ్జిమా. పుట్టుకతో అలుకు పల్చగా ఉన్న పిల్లలు కూడా అదే నీళ్లలో కాళ్లు పెట్టారు. ఇద్దరి బాధా కలిసిపోయింది. చూసేవాళ్లకు అందరిదీ ఒకే దురద.

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు ఈ నీళ్ల సంగతిని పట్టుకొని వదలని మనిషి. తన దగ్గరికి వచ్చే రోగులకు మందు రాసి ఊరుకోక, వాగు గురించి ఊళ్లను కూడగట్టాడు, అధికారుల చుట్టూ తిరిగాడు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ పేరున సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. నష్టం ఎంతో తేల్చమని కోర్టు సంగారెడ్డిలోని జిల్లా జడ్జికి అప్పగించింది. రైతులకు పరిహారం, ఊళ్లకు తాగునీళ్లు అంటూ ఆదేశాలు వచ్చాయి. కేసు 2001లో హైకోర్టుకు, 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారింది, 2017లో తీర్పు వచ్చింది. పిటిషన్ వేసిన ఏడు పుట్టిన బిడ్డకు తీర్పు నాటికి పిల్లలు పుట్టి ఉంటారు. పరిహారం లెక్కల్లో ఎండిన వరి ఉంది, చచ్చిన పశువు ఉంది. దురద పెట్టిన చేతికి వెల కట్టే పద్ధతి మాత్రం ఎవరి దగ్గరా లేదు. అది నాకు ఇప్పటికీ బాధ.

మధ్యలో 1994లో వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటు వచ్చింది. ఆ ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు అక్కడికి చేరేవి. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా శాస్త్ర పత్రికల్లోకి ఎక్కింది అప్పుడే. తర్వాత ఆ నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా హైదరాబాద్ మురుగు కాలువకు, అక్కడి నుంచి అంబర్‌పేట ప్లాంటుకు మళ్లించారు.

వాగు పోయాక బోరు వచ్చింది. ఇస్నాపూర్‌లో, బొల్లారంలో, రామచంద్రాపురం వెనక కాలనీల్లో వరస గదులు కట్టారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి, మన పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి కార్మికులు వచ్చి దిగారు. పది గదులకు ఒక బోరు. ఉప్పు నీళ్లు, సబ్బు వేస్తే నురగ రాదు, తెల్లటి చారలు మిగులుతాయి. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతారు. బట్టలకు సర్ఫ్ లాంటి పొడులు దేశంలోకి 1959లోనే వచ్చినా, కూలీ ఇంటికి చేరింది సోడా పాలు ఎక్కువున్న చవక పొడులే. ఆడవాళ్ల కుడిచేతి వేళ్లు ముందు పాడవుతాయి. పొద్దున గిన్నెలు, తర్వాత బట్టలు, ఆ వెంటనే వెల్లుల్లి ఒలవడం, పచ్చిమిర్చి కోయడం. వేలి కొనలు బీటలు వారి పిండి కలపడానికి కూడా చేయి మండుతుంది. అలాంటి ఆడవాళ్లకు క్రీము కన్నా ముందు చేతి తొడుగు కావాలి, లోపల పాత నూలుగుడ్డ తొడుగు, పైన ప్లాస్టిక్‌ది. రబ్బరు తొడుగు పడనివాళ్లుంటారు, రబ్బరులో కలిపే రసాయనాలే కొందరికి ఎలర్జీ.

ఉప్పు నీళ్లే ఎగ్జిమాకు కారణం అని చాలామంది నమ్ముతారు. నీటి కాఠిన్యం ఎక్కువున్న చోట ఎగ్జిమా ఎక్కువ కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ బ్రిటన్‌లో 336 మంది పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలతో చేసిన పరీక్ష 2011లో వెలువడింది. ఆ యంత్రాలవల్ల అదనపు మేలు కనబడలేదు. కాబట్టి అప్పుచేసి బాత్‌రూముకు ఫిల్టర్ బిగించుకోవద్దని నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెబుతాను. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలయ్యాక మా ఊళ్లకు నల్లా నీళ్లు వచ్చాయి. ఆ రెండు బిందెల నీళ్లు తాగడానికే కాకుండా పసిబిడ్డ స్నానానికీ మిగిలితే మంచిదే. మిగలకపోతే సబ్బు తగ్గించడం ఎవరి చేతిలోనైనా ఉన్న పని.

పనిలో వచ్చే ఎగ్జిమాను ఈ బెల్టులో ఇంకా సరిగా లెక్కపెట్టలేదని నా నమ్మకం. సిమెంటులో ఉండే క్రోమియం మేస్త్రీల చేతులకు పడదు. డెన్మార్క్‌లో 1983 నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి ఆ క్రోమియాన్ని హానిలేని రూపంలోకి మార్చారు, కొత్త కేసులు బాగా తగ్గాయి. యూరప్ అంతటా 2005 నుంచి సిమెంటులో ఆ క్రోమియానికి హద్దు ఉంది. ఇస్నాపూర్ అడ్డా మీద నిలబడే కూలీకి ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. మందుల కంపెనీలో పొడి తూచేవాళ్లకు, డ్రయ్యర్ ఖాళీ చేసేవాళ్లకు ఆ మందే ఎలర్జీ కావడం ఉంది. ఒమెప్రజోల్ తయారీలో పనిచేసేవాళ్ల విషయంలో ఇది వైద్య పత్రికలకు ఎక్కింది. ఇక ఖాళీ ప్లాట్లలో, రైలుకట్ట వెంట మొలిచే వయ్యారిభామ. పుణెలో యాభైల్లో కనబడిన ఆ మొక్క దేశమంతా పాకింది. దాని పొడి గాలిలో లేచి ముఖం మీద, మెడ మీద, కనురెప్పల మీద పడుతుంది. చొక్కా కప్పని చోటే దద్దురు లేస్తే నేను ముందు అడిగేది, ఇంటి చుట్టూ ఆ గడ్డి ఉందా అని.

ఇన్ని రకాల దురదలకు మార్కెట్టు ఇచ్చిన జవాబు ఒకటే, ట్యూబు.

చర్మానికి హైడ్రోకార్టిజోన్ పూతను 1952లో న్యూయార్క్‌లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు వాడి చూపించారు. ఎగ్జిమా రోగులకు అది వరం. అరవైల్లో అంతకన్నా బలమైన బీటామెథాజోన్ వచ్చింది. సరిగా వాడితే ఇవి మంచి మందులు. ఎంత రాయాలో 1991 నుంచి ఒక సులువైన కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు రెండు అరచేతుల మేర చర్మానికి సరిపోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు రాసి ఆపాలి. మన దగ్గర ఆ పద్ధతి నిలవలేదు. స్టెరాయిడుకు ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు కలిపి, గజ్జికీ తామరకూ ఎగ్జిమాకూ మొటిమలకూ అన్నిటికీ పనికొస్తుందన్నట్టు అమ్మిన ట్యూబులే ఇల్లిల్లూ చేరాయి. రాసిన రెండో రోజుకే దురద పోతుంది. ఫంగస్ ఉంటే అది లోపల ఇంకా పెరుగుతుంది, పైకి మాత్రం ఎరుపు తగ్గుతుంది.

"అన్నా, గా ఎర్ర డబ్బ ట్యూబే ఇయ్యి. రెండు దినాల్ల నిమ్మలమైంది, ఆపంగనే మళ్ల లేసింది."

ఈ మాట నేను వినని వారం ఉండదు. తొడల లోపలి వైపు చారలు పడిన కుర్రాళ్లు, ముఖం పల్చబడి ఎండ తగిలితే ఎర్రబడే ఆడపిల్లలు. స్టెరాయిడు పూతతో పెరిగిన మొండి తామర దేశమంతా పాకింది, ఆ ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండొటినియే అని మన దేశం పేరే తగిలించారు. చర్మవ్యాధి నిపుణుల సంఘం ఏళ్లపాటు పోరాడాక, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడు పూతలను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. నేను చీటీ అడుగుతాను. అడిగితే కొందరు పక్క షాపుకు పోతారు. పోనీ. పసిబిడ్డ చెంపల మీద ఆ పూత చూసిన తర్వాత వేరేలా అమ్మడం నాకు చేతకాదు.

మరి ఏం ఇవ్వాలి? చర్మానికి మెత్తనివి మన దగ్గర చాలాకాలంగా ఉన్నాయి, వాటి గురించి గట్టిగా చెప్పేవాళ్లే తక్కువ. పెట్రోలియం జెల్లీకి అమెరికాలో చీజ్‌బ్రో పేటెంటు పొందింది 1872లో. సబ్బు లేని కడుగుడు ద్రవం సెటాఫిల్ 1947లో టెక్సాస్‌లో పుట్టింది. ఇప్పుడు ఆ తరహావి మన కంపెనీలు కూడా చేస్తున్నాయి. సబ్బు కొనక తప్పదంటే పొట్లం మీద టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) అంకె చూడాలి, 76 శాతం ఉంటే మొదటి రకం. ఆ అంకె ఎక్కువైతే అది మెత్తని సబ్బే అనుకోకూడదు, ఎంత మంచి సబ్బైనా క్షారగుణం క్షారగుణమే. అందుకే చంకలకు, తొడల మధ్య, పాదాలకు మాత్రం సబ్బు, మిగతా ఒంటికి ఉత్త నీళ్లు చాలంటాను. వాసన ఉన్నవేవీ వద్దు, మల్లె వాసనైనా చందనమైనా. హెర్బల్ అని రాసినంత మాత్రాన చల్లనిది కాదు, మొక్కల నూనెలు కూడా ఎలర్జీ తెస్తాయి. క్రీము చెడకుండా కలిపే మిథైల్ ఐసోథయజోలినోన్‌ను అమెరికా నిపుణులు 2013కి ఆ ఏడాది ఎలర్జెన్‌గా ప్రకటించారు, లేబుల్ మీద ఆ పేరుంటే పక్కన పెట్టమంటాను.

కొబ్బరినూనె గురించి అడిగితే నాకు సంతోషం. ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద స్వచ్ఛమైన కొబ్బరినూనెను మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే కొబ్బరినూనె రాసినవాళ్లకే ఎక్కువ నయమైందని 2014లో తేలింది. ఆవనూనె వద్దు, బీహారీ తల్లులకు అది అలవాటు, వాళ్లకు నొప్పించకుండా చెప్పాలి. బ్రిటన్‌లో 550 మంది పిల్లలతో లోషను, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగింటినీ పోల్చిన పరీక్ష 2022లో వచ్చింది. ఏదీ మరొకదాని కన్నా గొప్పగా కనబడలేదు. ఇంట్లో వాళ్లు విసుగు లేకుండా రోజూ రాయగలిగేదే ఆ బిడ్డకు మంచిది. స్నానం చేయించి, రుద్దకుండా తువ్వాలుతో అద్ది, చెమ్మ ఆరకముందే రాయాలి. రోజుకు రెండుసార్లు, తగ్గిన రోజుల్లో కూడా.

రాసే పరిమాణం దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టం బయటపడుతుంది. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లకు వారానికి పావుకిలో దాకా పూత కావాలి. బ్రిటన్‌లో డాక్టరు అరకిలో డబ్బాలే రాసిస్తాడు. మన అల్మారాల్లో ఉన్నవి యాభై గ్రాములు, నూరు గ్రాముల ట్యూబులు, ఒక్కొక్కటి కూలీ ఇంట్లో ఒక పూట ఖర్చును మింగేవి. తల్లి దాన్ని పొదుపుగా, పుండు మీద మాత్రమే చుక్క పెట్టి నెలంతా నెట్టుకొస్తుంది, గుణం కనబడక మళ్లీ ఎర్ర డబ్బా ట్యూబు వైపు చూస్తుంది. అందుకే నేను ఖరీదైన పేర్లు ముందు పెట్టను. వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా, గానుగలో ఆడించిన కొబ్బరినూనె సీసా, ఈ రెంటితో మొదలుపెట్టమంటాను. నెల తర్వాత తగ్గకపోతే ఉస్మానియాలోనో గాంధీలోనో చర్మవిభాగం ఓపీకి పొమ్మని, ఏం పడదో తేల్చే ప్యాచ్ టెస్టు గురించి అడగమని కాగితం మీద రాసిస్తాను. 2022 నుంచి సంగారెడ్డిలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ప్రపంచానికి టన్నుల కొద్దీ మందు పంపే ఈ బెల్టులో, ఆ కాలేజీ ఆసుపత్రి మందుల కిటికీ నుంచి ప్రతి ఎగ్జిమా బిడ్డకు నెలకు రెండు అరకిలో డబ్బాల తెల్ల జెల్లీ ఉచితంగా అందాలి. దానికి కొత్త పరిశోధన అక్కర్లేదు, ఒక ఇండెంటు మీద సంతకం చాలు.